పిల్లల కంట్లో లెన్స్ జారి ప్రెజర్ కూడా పెరిగితే ఏం చెయ్యాలి: ఇంటి దగ్గర్నుంచి ఆపరేషన్ దాకా, ఆ తర్వాత కూడా

నేను కంటి హాస్పిటల్లో కౌన్సిలర్‌ని. డాక్టర్ గారు కాగితం మీద ఆపరేషన్ అని రాసాక పేషెంట్ తాలూకు వాళ్ళని కూర్చోబెట్టి ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, ఏ కార్డు పనికొస్తుంది అని విడమర్చి చెప్పడమే నా పని. మాది నరసన్నపేట దగ్గర, అందుకని ఇచ్ఛాపురం నుంచి ఎస్.కోట దాకా ఎవరొచ్చినా యాస కలుస్తుందని నా టేబుల్ దగ్గరికే పంపుతారు. హాస్పిటల్ పేరు చెప్పను, పబ్లిసిటీ అనుకుంటారు.

పెద్దవాళ్ళ శుక్లం ఆపరేషన్ అయితే నేను చెప్పేది పెద్దగా ఉండదు, ప్రతి ఊళ్ళోనూ చేయించుకున్నవాళ్ళు పదిమంది ఉంటారు, వాళ్ళే ధైర్యం చెప్పి బస్సెక్కిస్తారు. పిల్లల కంట్లో లెన్స్ జారింది, దాంతోపాటు గ్లాకోమా (కంట్లో ప్రెజర్ పెరిగి నరం దెబ్బతినే జబ్బు) కూడా ఉంది అంటే మాత్రం ఊళ్ళో అడగడానికి ఒక్కరూ దొరకరు. అలా వచ్చిన తల్లిదండ్రులు దాదాపు అందరూ మొట్టమొదట అడిగేది "లోపల కొత్త లెన్స్ వేస్తారా సార్" అని. ముందు ప్రెజర్ ఎంతుందో అడగండి అంటాను నేను. లెన్స్ ఇవాళ కాకపోతే కొన్నేళ్ళకి వేసుకోవచ్చు, అసలు వెయ్యకపోయినా అద్దాలతో చదువుకోవచ్చు, ప్రెజర్ వల్ల కంటి నరం దెబ్బతింటే మాత్రం ఆ పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ వెనక్కి రాదు. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంటుంది.

1. జబ్బు ఏంటో కొంచెం అర్థం చేసుకోండి

కనుపాప వెనకాల లెన్స్ ఉంటుంది, చుట్టూరా సన్నటి పోగులు దాన్ని పట్టుకుని ఉంటాయి. ఉట్టికి ఒక పక్క తాళ్ళు తెగితే కుండ రెండో పక్కకి ఒరిగిపోతుంది కదా, ఆ పోగులు ఒక పక్క బలహీనపడితే లెన్స్ కూడా అంతే. కొంచెం జారితే ఫైల్లో సబ్‌లక్సేషన్ అని రాస్తారు, పూర్తిగా ఊడిపోతే డిస్‌లొకేషన్ అని రాస్తారు. ఇక ప్రెజర్ సంగతి, కంట్లో నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, ముందు భాగంలో అంచున ఉన్న ఒక సన్నటి దారిలోంచి బయటికి పోతూ ఉంటుంది. జారిన లెన్స్ ముందుకొచ్చి కనుపాపకి అడ్డం పడితే ఆ నీరు లోపలే ఆగిపోయి ప్రెజర్ పెరుగుతుంది.

లెన్స్‌తో సంబంధం లేకుండా కూడా పిల్లలకి గ్లాకోమా వస్తుంది, నీరు పోయే ఆ దారి పుట్టుకతోనే సరిగ్గా తయారవకపోతే. ఆంధ్రప్రదేశ్‌లో 3300 కాన్పులకి ఒక బిడ్డకి ఈ పుట్టు గ్లాకోమా ఉంటుందని లెక్క తేలింది, పశ్చిమ దేశాల్లో అయితే 10 వేల నుంచి 20 వేల మందికి ఒకరు. మన దగ్గర ఎక్కువ ఉండటానికి ఒక పెద్ద కారణం మేనరికాలు. చాలా కేసుల్లో తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి రెండు చోట్ల నుంచీ లోపమున్న జీన్ వస్తే ఈ జబ్బు బయటపడుతుంది, మేనమామనో మేనత్త కొడుకునో చేసుకుంటే ఇద్దరిలోనూ అదే జీన్ ఉండే ఛాన్స్ పెరుగుతుంది. ఈ మాట నేను అనగానే టేబుల్ అవతల అత్తగారు కోడలి వంక చూస్తారు. అమ్మా, ఆ చూపు ఒద్దు, చెరి సగం వచ్చింది అది.

దెబ్బ వల్ల కూడా లెన్స్ జారుతుంది. కర్రాబిళ్ళ ఆడుతుంటే బిళ్ళ తగలడం, క్రికెట్ బాల్, దీపావళి టపాకాయ, ఇవన్నీ మేం చూసేవే.

2. ఇంట్లో ఏం గమనించాలి

చంటిబిడ్డ అయితే కళ్ళు పెద్దగా ఉండటం, నీళ్ళు కారడం, వెలుతురు చూడలేక కళ్ళు గట్టిగా మూసుకుని తల్లి భుజంలో ముఖం దాచుకోవడం, నల్లగుడ్డు మీద పొగ కమ్మినట్టు మసక. మన ఇళ్ళల్లో వచ్చిన చిక్కు ఏంటంటే పిల్లకి చారెడేసి కళ్ళని అమ్మమ్మ మురిసిపోయి దిష్టి తీస్తుంది, డాక్టర్‌కి చూపించాలని ఎవరికీ తట్టదు. పుట్టినప్పుడు నల్లగుడ్డు అడ్డంగా సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, ఏడాది లోపు బిడ్డకి 12 దాటితే అనుమానించాల్సిందే. స్కేలు పెట్టి మీరు కొలవక్కర్లేదు, ఒక కన్ను రెండోదానికన్నా పెద్దగా కనిపించినా, ఇంట్లో మిగతా పిల్లల ఫోటోలు పక్కన పెట్టి చూస్తే తేడాగా ఉన్నా చాలు, వెళ్ళండి. ఆముదం, చనుబాలు, నందివర్ధనం పూల రసం, ఇవేవీ కంట్లో వెయ్యొద్దు.

బడికి వెళ్ళే పిల్లల్లో లెన్స్ జారితే లక్షణాలు వేరేగా ఉంటాయి. అద్దాల నంబర్ ఆర్నెల్లకోసారి గబగబా మారిపోవడం, అద్దాలు మార్చినా బోర్డు సరిగ్గా కనిపించకపోవడం, తల ఒక పక్కకి వంచి చూడటం, ఒక కన్ను మూసినా రెండో కంటికి ఒకటే వస్తువు రెండుగా కనిపించడం. పిల్లాడు అటూ ఇటూ చూసినప్పుడు కంటి రంగు భాగం సన్నగా వణకడం కూడా దగ్గర్నుంచి గమనిస్తే తెలుస్తుంది. ఊళ్ళో అద్దాల షాపులో కంప్యూటర్ మీద నంబర్ తీసి ఇచ్చేస్తే ఇది దొరకదు, చుక్కలు వేసి కనుపాప పెద్దది చేసి స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టర్ దగ్గరుండే, గడ్డం ఆనించి చూసే మైక్రోస్కోప్) మీద చూస్తేనే లెన్స్ అంచు వంపుగా బయటపడుతుంది.

అంగన్‌వాడీలకి, స్కూళ్ళకి ఆర్‌బీఎస్‌కే టీం వస్తుంది, పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని స్క్రీనింగ్ చేసే ప్రోగ్రాం అది, 2013 నుంచి నడుస్తోంది. వాళ్ళు రిఫర్ స్లిప్ ఇస్తే పారెయ్యకండి.

3. ఆ రాత్రే బయల్దేరాల్సిన పరిస్థితి

లెన్స్ పూర్తిగా ముందుకొచ్చి ఇరుక్కుంటే ప్రెజర్ గంటల్లో పెరిగిపోతుంది. కన్ను ఎర్రబడటం, నొప్పి, తలనొప్పి, నల్లగుడ్డు తెల్లబారడం, వాంతులు. ఈ వాంతుల దగ్గరే అందరూ దారి తప్పుతారు, పిల్లాడు ఏదో తిన్నది పడలేదని ఊళ్ళో వాంతుల ఇంజక్షన్ చేయించి పడుకోబెట్టేస్తారు, తెల్లారేసరికి కంటికి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. లెన్స్ జారిందని ముందే తెలిసిన పిల్లాడికి కన్నునొప్పితో వాంతులైతే అది కడుపు సంగతి కాదనే అనుకుని బండెక్కండి.

దారిలో పిల్లాడిని వెల్లకిలా పడుకోబెట్టండి, ముఖం పైకి ఉండాలి. అలా పడుకుంటే లెన్స్ వెనక్కి జరిగే అవకాశం ఉంటుంది, బోర్లా పడుకుంటే ఇంకా ముందుకొస్తుంది. బలవంతంగా తినిపించొద్దు, ఆఖరిసారి ఎన్ని గంటలకి ఏం తిన్నాడో గుర్తుపెట్టుకోండి, మత్తు డాక్టర్ మొదట అడిగేది అదే.

ఇంట్లో తాతయ్య గ్లాకోమా చుక్కలు ఉన్నాయి కదా అని పిల్లాడికి వెయ్యొద్దు. కనుపాపని చిన్నది చేసే పైలోకార్పిన్ లాంటివి లెన్స్ ముందుకొచ్చే పిల్లల్లో ప్రెజర్ తగ్గించకపోగా పెంచుతాయి. బ్రిమోనిడిన్ అనే చుక్కలు రెండేళ్ళ లోపు పిల్లలకి వేస్తే మగతలోకి వెళ్ళిపోయి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. టిమొలాల్ ఆయాసం ఉన్న పిల్లలకి పడదు. సీసాలన్నీ ఒకేలా ఉంటాయి, లోపలున్నవి వేరు.

హాస్పిటల్లో మానిటాల్ సెలైన్ పెట్టి ప్రెజర్ దించుతారు, చుక్కలతో కనుపాప పెద్దది చేసి లెన్స్ వెనక్కి వెళ్తుందేమో చూస్తారు. వెళ్ళకపోతే, లేదా నల్లగుడ్డుకి అంటుకుంటే, లెన్స్ తీసెయ్యడమే.

ఇక్కడే ఇంకో మాట, దీనికి పక్కదే అయినా చెప్పకుండా ఉండలేను. ఎండాకాలం కళ్ళ దురదకని మెడికల్ షాపులో చుక్కలు కొని నెలల తరబడి వేస్తారు చూడండి, వాటిల్లో చాలావాటికి డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. దురద ఇట్టే తగ్గుతుంది, లోపల ప్రెజర్ చప్పుడు చెయ్యకుండా పెరుగుతుంది. ఏ లెన్సూ జారకుండానే, ఏ మేనరికమూ లేకుండానే గ్లాకోమా తెచ్చుకున్న పిల్లలు వీళ్ళు. నాకు అన్నిటికన్నా కోపం వచ్చేది ఈ కేసుల మీదే.

4. ఎక్కడికి, ఏం పట్టుకుని

మొదట శ్రీకాకుళం రిమ్స్‌లోనో విజయనగరం సర్వజన ఆసుపత్రిలోనో కంటి విభాగంలో చూపించి రిఫర్ రాయించుకోవచ్చు. ఆపరేషన్‌కి మాత్రం పిల్లల కంటి డాక్టర్, గ్లాకోమా డాక్టర్, రెటీనా (కంటి వెనక పొర) డాక్టర్, పిల్లలకి మత్తు ఇచ్చే డాక్టర్ ఒకే చోట ఉండాలి, అందుకని వైజాగ్ వెళ్ళాల్సి వస్తుంది. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి అక్కడే ఉంది, హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళ జీఎంఆర్ వరలక్ష్మి క్యాంపస్ ఉంది. దానికి శ్రీకాకుళం నుంచి హైవే బస్సులో వచ్చేవాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్ళి మళ్ళీ ఆటోలో వెనక్కి రానక్కర్లేదు, మధురవాడ, ఎండాడ దాటాక హనుమంతవాక జంక్షన్‌లోనే దిగిపోవచ్చు.

పాత అద్దాలు, పాత చీటీలు అన్నీ తెండి. విరిగిపోయిన అద్దాలైనా సరే, నంబర్ ఎంత స్పీడుగా మారిందో వాటితోనే తెలుస్తుంది. రైస్ కార్డు, ఆధార్లు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్. వాడిన చుక్కల సీసాలు ఖాళీవైనా సంచిలో వేసుకోండి, "ఎర్ర మూతది వేసామండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. చిన్నపిల్లలయితే మెలకువగా ఉండగా ప్రెజర్ చూడనివ్వరు, కొద్దిగా మత్తు ఇచ్చి చూస్తారు, దాన్ని ఈయూఏ అంటారు. ఆపరేషన్ అనుకుని కంగారు పడొద్దు, అందులో ప్రెజర్, నల్లగుడ్డు కొలత, కంటి పొడవు, వెనకాల నరం చూసుకుంటారు. ఒక్కోసారి ఆ మత్తులోనే ఆపరేషన్ కూడా చేసేస్తారు, దానికి ముందే సంతకం అడుగుతారు.

5. కన్ను ఒక్కటే చూసి ఊరుకోకూడదు

దెబ్బ తగలకుండా రెండు కళ్ళల్లోనూ లెన్స్ జారిందంటే ఒంట్లో ఇంకేదో ఉందేమో చూడాలి. పిల్లాడు వయసుకి మించి పొడుగు, సన్నం, చేతులు వేళ్ళు బారుగా ఉంటే మార్ఫాన్ అనే పుట్టు జబ్బు అనుమానిస్తారు. ఇంట్లోనే చూడొచ్చు: బొటనవేలు లోపలికి పెట్టి పిడికిలి బిగించమనండి, బొటనవేలి కొస చిటికెనవేలి వైపు బయటికి పొడుచుకొస్తుందేమో, ఇంకో చేత్తో మణికట్టు పట్టుకోమంటే బొటనవేలు చిటికెనవేలి గోరు మీదకి ఎక్కుతుందేమో. మార్ఫాన్‌లో లెన్స్ ఎక్కువగా పైకి, బయటి వైపుకి జారుతుంది, అయితే అసలు భయం గుండె దగ్గర, బృహద్ధమని మొదలు ఉబ్బుతుంది. ఎకో (గుండె స్కానింగ్) తీయించకుండా మత్తుకి వెళ్ళొద్దు. ఎకో మామూలుగా వచ్చినా గుండె డాక్టర్ దగ్గరికి ప్రతి ఏడూ వెళ్తూనే ఉండాలి, కబడ్డీ, బరువులెత్తడం లాంటివి ఆయన్ని అడిగాకే.

హోమోసిస్టిన్యూరియా అని ఇంకోటుంది. వీళ్ళూ పొడుగ్గానే ఉండొచ్చు, చదువులో వెనకబడొచ్చు, లెన్స్ ఎక్కువగా కిందికి, ముక్కు వైపుకి జారుతుంది. వీళ్ళకి రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ, మత్తులో అది ప్రాణం మీదకి తెస్తుంది, అందుకే రక్తంలో హోమోసిస్టీన్ పరీక్ష ఆపరేషన్‌కి ముందే చేయిస్తారు. ఉందని తేలితే బీ6 విటమిన్, తిండిలో మార్పులు మొదలుపెట్టి, ఒంట్లో నీరు తగ్గకుండా సెలైన్ పెట్టి జాగ్రత్తగా చేస్తారు. "కంటికి వస్తే రక్తపరీక్షలు ఎందుకండీ, డబ్బులు గుంజడానికి కాకపోతే" అని నాతో గొడవ పెట్టుకున్నవాళ్ళున్నారు. దీనికే అని చెప్తాను.

మూడోది వైల్ మార్చెసాని. పిల్లలు పొట్టిగా, వేళ్ళు కురచగా ఉంటారు, లెన్స్ చిన్నగా గుండ్రంగా ఉంటుంది, ముందుకి జారి ప్రెజర్ తెచ్చిపెట్టేది ఎక్కువగా ఈ రకమే. లెన్స్ కదలక ముందే గుర్తిస్తే లేజర్‌తో చిన్న కన్నం పెట్టి నీటికి ఇంకో దారి చెయ్యొచ్చు.

6. ఏ ఆపరేషన్, ఎందుకు

లెన్స్ జారింది అనగానే ఆపరేషన్ కాదు. అద్దాలతో చూపు బాగుండి, ప్రెజర్ బాగుంటే అలాగే చెకప్‌లతో నడిపిస్తారు, అదే మంచిది కూడా. లెన్స్ అంచు సరిగ్గా కనుపాప మధ్యకొచ్చి అద్దాలతో పని జరగకపోతే, లెన్స్ ముందుకొచ్చేస్తే, ప్రెజర్ పెరిగితే, మసకబారితే అప్పుడు తీస్తారు.

తీసే పద్ధతి లెన్సెక్టమీ, దాంతోపాటు వెనకున్న జెల్లీలో కొంత భాగం కూడా తీసేస్తారు, అది విట్రెక్టమీ. సన్నటి పరికరాలతో చేస్తారు. పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, మనవడి కోసం, నన్ను పక్కకి పిలిచి "ఏటి బావూ, గుంటడి గుడ్డు బయటికి తీసి కడిగి మళ్ళీ పెడతారా" అని మెల్లగా అడిగింది. ఆమె బయటికి అడిగింది, మిగతావాళ్ళు మనసులో పెట్టుకుంటారు. కన్ను ఉన్న చోటే ఉంటుంది, కదపరు.

తీసాక లోపల లెన్స్ సంగతి. ఎక్కువ జారకపోతే లెన్స్ సంచిని రింగ్‌తో నిలబెట్టి దాంట్లోనే కృత్రిమ లెన్స్ పెట్టే వీలుంటుంది. సంచి పనికిరాకపోతే కంటి తెల్లగోడకి కుట్టడం, జిగురుతో అతికించడం, కనుపాప చుట్టూ ఉన్న రంగు పొరకి తగిలించడం, ఇలా రకాలున్నాయి. చిన్నపిల్లల్లో ఇవి జీవితాంతం మొయ్యాల్సినవి, కుట్టిన దారం ఏళ్ళ తర్వాత తెగి లెన్స్ మళ్ళీ జారిన కేసులున్నాయి, పైగా కన్ను ఇంకా పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఇవాళ వేసిన పవర్ రేపటికి సరిపోదు. అందుకే చాలామంది డాక్టర్లు ఇప్పుడు లెన్స్ లేకుండా అద్దాలో కాంటాక్ట్ లెన్సో పెట్టి, పెద్దయ్యాక ఆలోచిద్దాం అంటారు. అది తక్కువ వైద్యం కాదు, డబ్బు లేదని చేసింది అసలే కాదు. నా మట్టుకు నేనైతే ప్రెజర్ కూడా ఉన్న పిల్లల విషయంలో ఈ మాట చెప్పిన డాక్టర్‌నే ఎక్కువ నమ్ముతాను.

ప్రెజర్ లెన్స్ అడ్డం వల్లే పెరిగి, త్వరగా వచ్చారనుకోండి, లెన్స్ తీసేస్తే చాలాసార్లు దిగిపోతుంది. నెలల తరబడి అలాగే ఉండి నీరు పోయే దారి అతుక్కుపోతే లెన్స్ తీసినా దిగదు, చుక్కలు గానీ ఇంకో ఆపరేషన్ గానీ కావాలి. ఇది సంతకం పెట్టే ముందే అడిగి తెలుసుకోండి: "దీంతో ప్రెజర్ దిగకపోతే తర్వాత ఏంటి?"

ఆ తర్వాతది ఎక్కువగా ట్రాబెక్యులెక్టమీ, నీరు పై పొర కిందకి పోయేలా దారి చేస్తారు, పైరెప్ప కింద చిన్న బుడగలా కనిపిస్తుంది. లేదంటే ట్యూబ్ పెడతారు. ఆహ్మద్ వాల్వ్ ఒకటి, మదురైలో ఆరోల్యాబ్ వాళ్ళు చేసే ఆడీ అనేది ఇంకోటి, రెండోది చవక. ఆ ఆడీకి వాల్వ్ ఉండదు, అందుకని కరిగే దారంతో కట్టి పెడతారు, దారం కరిగి ట్యూబ్ తెరుచుకోవడానికి దాదాపు 5, 6 వారాలు పడుతుంది. ఆపరేషన్ అయిపోయింది కదా అని ఈలోపు ప్రెజర్ చుక్కలు సొంతంగా ఆపేస్తే మొదటికే మోసం.

పుట్టు గ్లాకోమా అయితే వరస వేరు. అక్కడ చుక్కలు ఆపరేషన్ దాకా నెట్టుకురావడానికే, వైద్యం ఆపరేషనే, అదీ తొందరగా. నల్లగుడ్డు తేటగా ఉంటే నీరు పోయే దారిని లోపల్నుంచి తెరిచే గోనియోటమీ చెయ్యొచ్చు, మన దగ్గరికి వచ్చేసరికి మసకబారి ఉంటుంది కాబట్టి ఆ దారిని బయటి నుంచి తెరిచే ట్రాబెక్యులోటమీ, పైన చెప్పిన ట్రాబెక్యులెక్టమీ కలిపి చేస్తుంటారు. ఈ కలిపి చేసే ఆపరేషన్ మీద హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ గారు ఏళ్ళ తరబడి పనిచేసారు, 2003లో ఆయనకి శాంతి స్వరూప్ భట్నాగర్ అవార్డు వచ్చింది. కాబట్టి ఇది మన రాష్ట్రాల్లో చెయ్యలేనిదేమీ కాదు, ఎక్కడికో పోవాలని పొలం అమ్మకండి.

7. కార్డు పని

ఆరోగ్యశ్రీ అని మనం అలవాటుగా అనేది ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. నెట్‌వర్క్ హాస్పిటల్లో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, ఓపీ చీటీ చేతికి రాగానే అక్కడికి వెళ్ళండి, 104కి ఫోన్ చేసినా చెప్తారు. "కంటి ఆపరేషన్ కవర్ అవుతుందా" అని అడిగితే గాలి జవాబే వస్తుంది, ఫైల్లో రాసిన ఆపరేషన్ పేరు చూపించి అది ఉందా, ట్యూబ్ ఖర్చు అందులో ఉందా, మత్తులో చేసే చెకప్‌లు ఉన్నాయా అని విడివిడిగా అడగండి. అప్రూవల్ రావడానికి టైం పట్టొచ్చు. ప్రెజర్ ఎక్కువున్న కేసు అయితే ఎమర్జెన్సీ అని డాక్టర్‌తో రాయించండి.

8. మత్తు ఇచ్చే రోజు

మామూలుగా అన్నం, డబ్బా పాలు 6 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు. మీ హాస్పిటల్ చెప్పిన టైమే ఫైనల్. పిల్లాడు ఏడుస్తున్నాడని మావయ్య వెనకనించి బిస్కెట్ పెట్టేస్తే ఆపరేషన్ ఆగిపోతుంది, అది శిక్ష కాదు, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుందని. అందుకే అబద్ధం మాత్రం ఆడొద్దు, తిన్నాడంటే తిన్నాడని చెప్పండి.

జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ఇంట్లోనే ఉండిపోకుండా ఫోన్ చెయ్యండి, వాయిదా వెయ్యాలో రావాలో వాళ్ళు చెప్తారు. ఆషాఢం, మూఢం, సిరిమాను పండగ అయ్యాక వస్తాం, ఇవన్నీ మాకు అలవాటే, లెన్స్ కేసుల్లో కొన్నిటికి పర్లేదు కూడా, ప్రెజర్ 35, 40 ఉన్న (మామూలుగా 21 లోపు ఉండాలి) కన్ను మాత్రం పండగ దాకా ఆగదు.

9. ఇంటికి వచ్చాక

ప్లాస్టిక్ షీల్డ్ పడుకునేటప్పుడు తప్పకుండా, పగలు చెప్పినన్నాళ్ళు. తలస్నానం, చెరువు, ఏరు బంద్. చుక్కలు వెయ్యడం పెద్ద యుద్ధం, నలుగురు చేతులు కాళ్ళు పట్టుకుని వేస్తే పిల్లాడు గట్టిగా కళ్ళు బిగించి ఆపరేషన్ చేసిన కంటి మీదే ఒత్తిడి తెస్తాడు. ఇలా చెయ్యండి: వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి, ముక్కు పక్కన కంటి మూల గుంటలో ఒక చుక్క వెయ్యండి, ఇప్పుడు తెరువు అనండి, చుక్క దానంతటదే లోపలికి జారుతుంది. ఆ మూల మీద వేలితో మెత్తగా ఒక నిమిషం నొక్కి ఉంచితే మందు గొంతులోకి, ఒంట్లోకి తక్కువ పోతుంది, టిమొలాల్‌కి ఇది మరీ ముఖ్యం. రెండు రకాల చుక్కల మధ్య 5 నిమిషాలు గ్యాప్. సీసా మూతి రెప్పకి తగలకూడదు.

నొప్పి, చూపు ఉన్నట్టుండి తగ్గడం, పుసి, ఎరుపు, మెరుపులు, చూపుకి ఒక పక్క తెర దిగినట్టు ఉండటం, వీటిల్లో ఏది వచ్చినా ఆ రోజే వెళ్ళాలి. మార్ఫాన్ పిల్లల్లో రెటీనా ఊడే ప్రమాదం ఎక్కువ. ట్రాబెక్యులెక్టమీ చేసిన కన్ను అయిదేళ్ళ తర్వాత ఎర్రబడినా మామూలు కళ్ళకలక అనుకోవద్దు, ఆ బుడగలో ఇన్ఫెక్షన్ పడితే లోపలికి పాకుతుంది.

10. అద్దాలు, ప్యాచ్

లెన్స్ తీసిన కంటికి దళసరి ప్లస్ అద్దాలు వస్తాయి, బడి పిల్లలకి కింద దగ్గర చూపు భాగం కూడా ఉండాలి, ఎందుకంటే లెన్స్ లేని కన్ను దూరం దగ్గర తనంతట తాను మార్చుకోలేదు. చిన్న రౌండ్ ఫ్రేం, పగలని పాలీకార్బనేట్, వెనక ఎలాస్టిక్ తాడు. స్కూల్లో "బుడ్డీ కళ్ళు" అని ఏడిపిస్తారు, మొదటి రోజే క్లాస్ టీచర్‌ని కలిసి ముందు బెంచీ అడగండి, టీచర్ ఒక మాట క్లాసులో చెప్తే సగం గొడవ పోతుంది.

రెండు కళ్ళల్లో ఒకటి వీకైతే బాగున్న కంటికి ప్యాచ్ వేస్తారు, వీక్ కన్ను పనిచెయ్యడం నేర్చుకోవాలని. ఏడెనిమిదేళ్ళ లోపే ఇది బాగా పనిచేస్తుంది. ప్యాచ్ చర్మానికి అంటించాలి, అద్దాల మీద అంటిస్తే సందులోంచి చూసేస్తారు, గట్టోళ్ళు. ఎన్ని గంటలన్నది డాక్టర్ చెప్పినంతే, ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదని రోజంతా వెయ్యకండి, మంచి కన్ను పాడవుతుంది. ఆపరేషన్ బ్రహ్మాండంగా చేసినా ప్యాచ్ మానేసి చూపు రాని పిల్లల్ని చూసి డాక్టర్లు పడే బాధ అంతా ఇంతా కాదు.

ఇంత చేసినా చూపు బాగా తక్కువ ఉంటే లో విజన్ విభాగంలో చూపించి, సదరం క్యాంపుకి వెళ్ళి వైకల్యం సర్టిఫికెట్ తీసుకోండి, దానికి నామోషీ పడేదేం లేదు.

11. ప్రెజర్ పుస్తకం

రెండు రూళ్ళ చిన్న నోట్‌బుక్ కొనండి. తేదీ, కుడి ప్రెజర్, ఎడమ ప్రెజర్, అప్పుడు వేస్తున్న చుక్కలు. నాలుగు గడులు చాలు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలంటారు, మత్తులో చూస్తే తక్కువ చూపించొచ్చు, మీ పిల్లాడికి ఎంత లోపు ఉండాలో డాక్టర్‌ని అడిగి అట్ట మీద పెద్దగా రాయండి. లెన్స్ తీసిన పిల్లలకి ఏళ్ళు గడిచాక కూడా కొత్తగా గ్లాకోమా రావొచ్చు, దానికి నొప్పి ఉండదు, కాబట్టి బాగానే ఉన్నాడు అనుకున్నవాడికి కూడా చెకప్ ఆగదు, పెళ్ళయ్యాక కూడా.

మన జిల్లాల్లో ఇది తెగిపోయేది వలస దగ్గర. తండ్రి చేపల వేటకి గుజరాత్ వెళ్తాడు, లేదా కుటుంబం మొత్తం బిల్డింగ్ పనికి హైదరాబాదో చెన్నయ్యో వెళ్ళిపోతుంది, మళ్ళీ సంక్రాంతికి కనిపిస్తారు. వెళ్ళేముందు ఫైల్ మొత్తం, ముఖ్యంగా డిశ్చార్జ్ సమ్మరీ, ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. ప్రెజర్ చూడటానికి ఆపరేషన్ చేసిన హాస్పిటలే అక్కర్లేదు, హైదరాబాద్‌లో సరోజినీదేవి, చెన్నైలో ఎగ్మోర్ ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్నాయి, అక్కడ చూపించి నంబర్ పుస్తకంలో రాయించుకోండి, చుక్కలు అయిపోయాక కాకుండా సీసా అడుగంటకముందే కొనండి.

12. మిగతా పిల్లలు

అన్నకి లెన్స్ జారిందంటే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి కూడా ఒకసారి చుక్కలు వేసి చూపించాలి, బాగానే కనిపిస్తోందన్నా సరే. మార్ఫాన్ అని తేలితే తల్లిదండ్రులు కూడా కళ్ళు, ఎకో రెండూ చేయించుకోవాలి, అది ఇద్దరిలో ఒకరి నుంచి వచ్చి ఉండొచ్చు, ఎవరి దగ్గర్నుంచీ రాకుండా పిల్లాడిలోనే కొత్తగా మొదలై కూడా ఉండొచ్చు. పుట్టు గ్లాకోమా ఉన్న ఇంట్లో తర్వాతి కాన్పు అయితే బిడ్డ పుట్టిన మొదటి వారాల్లోనే కంటి డాక్టర్‌కి చూపించండి. పెద్ద పిల్లల్ని తెచ్చేటప్పుడు చుక్కలు వేసాక ఆ రోజంతా పుస్తకం మసకగా ఉంటుంది కాబట్టి పరీక్షలు లేని రోజు చూసుకుని పొద్దున్నే మొదటి బస్సుకి రండి, ఎండలో తిరుగు ప్రయాణానికి టోపీ పెట్టండి.